పాలకూర డీఎన్‌ఏ మీద రాగి కాంప్లెక్స్ చూసేముందు

బెంగళూరు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాగి కాంప్లెక్స్ (రాగికి వేరే అణువులు అతుక్కున్న సమ్మేళనం) పాలకూర డీఎన్‌ఏని ఎలా పట్టుకుంటుందన్న సంగతి తర్వాత, ముందు డీఎన్‌ఏని అనుమానించు. ఆకులోని పాలీఫినాల్స్ (వగరు పదార్థాలు) కూడా రాగిని పట్టుకుంటాయి. అవి మిగిలిపోతే స్పెక్ట్రమ్ మారుతుంది, నువ్వు దాన్ని డీఎన్‌ఏ బంధం అనుకుంటావు.

లేత ఆకు ఒక గ్రాము ద్రవ నైట్రోజన్‌లో నూరు. 2 శాతం సీటాబ్ (కణాల పొరలు విప్పే సబ్బులాంటి రసాయనం) బఫర్ 5 మిల్లీలీటర్లు 65 డిగ్రీలకు వేడిచేసి కలుపు. అందులో పాలీఫినాల్స్‌ని అడ్డుకోవడానికి 1 శాతం పీవీపీ, 0.2 శాతం మెర్కాప్టోఇథనాల్ ఉండాలి (ఆ కంపు తెలిసిందేగా, ఫ్యూమ్ హుడ్ దాటనివ్వకు). 45 నిమిషాలయ్యాక క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1తో కడుగు. డిసెంబరు పొద్దుటిపూట మన ఊరి చలికి సీటాబ్ తెల్లగా పేరుకుపోవచ్చు, అందుకే సెంట్రిఫ్యూజ్ కూడా చల్లబరచకు. ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని తునకలు చేసే ఎంజైమ్) మరవకు, ఆర్‌ఎన్‌ఏ కూడా డీఎన్‌ఏలాగే 260 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది. చివరికి అడుగున చేరిన డీఎన్‌ఏ ముద్ద జెల్లీలా జారితే అందులో పాలీశాకరైడ్ (ఆకు జిగురు) ఉన్నట్టే. ఎక్కువ ఉప్పులో మళ్లీ అవక్షేపించు.

అసలు ప్రమాదం టీఈ బఫర్, డీఎన్‌ఏని మామూలుగా కరిగించి ఉంచే ద్రావణం. అలవాటుగా చెయ్యి అటే పోతుంది. అందులోని ఈడీటీఏ (లోహాల్ని పట్టుకునే రసాయనం) నీ కాంప్లెక్స్‌లోంచి రాగిని లాగేసుకుంటుంది. సీటాబ్ బఫర్‌లోనూ ఈడీటీఏ ఉంటుంది కనుక, 5 మిల్లీమోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ ఉప్పు, పీహెచ్ 7.2లో రాత్రంతా డయాలిసిస్ (చిన్న అణువులు బయటికి పోయేలా పలచని పొర సంచిలో నానబెట్టడం) పెట్టి బయటి ద్రావణం రెండుసార్లు మార్చు. 260/280 శోషణ నిష్పత్తి (ప్రొటీన్ మిగిలిందో లేదో చెప్పేది) 1.8, 260/230 (మిగతా మలినాలకు) సుమారు 2 వచ్చేదాకా ముందుకెళ్లకు.

టైట్రేషన్‌లో (కొద్దికొద్దిగా కలుపుతూ శోషణ కొలవడంలో) కాంప్లెక్స్ 20 మైక్రోమోలార్ దగ్గర స్థిరం, డీఎన్‌ఏ పెంచుతూ పో. పోల్చడానికి పెట్టే రిఫరెన్స్ క్యూవెట్‌లోనూ (కొలత గాజు గిన్నె) అంతే డీఎన్‌ఏ వెయ్యి. డీఎన్‌ఏ గాఢత లెక్కకు 6600 (260 దగ్గర మోలార్ శోషణ గుణకం) వాడితే వచ్చే గాఢత న్యూక్లియోటైడ్లలో, బేస్ జతల్లో కాదు. ఆ తేడా రాయకపోతే బంధన స్థిరాంకం రెట్టింపు తప్పుతుంది. శోషణ తగ్గి, శిఖరం ఎరుపు వైపు (పొడవు తరంగాల వైపు) జరిగితే ఇంటర్‌కలేషన్, అంటే బేస్ జతల మధ్య దూరడం, అనిపిస్తుంది. అంతమాత్రాన తేల్చేయకు. ఎథిడియం (డీఎన్‌ఏలో దూరి వెలిగే రంగు) వెలుగు తగ్గడమూ సాక్ష్యం కాదు, రాగి తానే ఆ వెలుగును ఆర్పగలదు.

స్నిగ్ధతే (ద్రావణం చిక్కదనం) గట్టి పరీక్ష. బేస్ జతల మధ్య కాంప్లెక్స్ దూరితే డీఎన్‌ఏ పొడవవుతుంది, ద్రావణం చిక్కబడుతుంది. పక్కన ఎథిడియం కంట్రోల్ ఉంచు, నీటి తొట్టి 25 డిగ్రీల నుంచి కదలకూడదు. 200 మైక్రోమోలార్ (న్యూక్లియోటైడ్లలో) ద్రావణం 10 మిల్లీలీటర్లకు సుమారు 660 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ కావాలి. కాబట్టి ఆకు ఒక గ్రాముతో సరిపెట్టుకోకు, ఒకే కట్టలోది పది పన్నెండు గ్రాములు తెచ్చి మైనస్ 80లో దాచు.