మూడు గుంపుల సంగతి: కొత్త టీచరమ్మకు ఓ ఉత్తరం

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. క్లాసులో ఉన్న 42 మందికీ ప్రశ్నల కాగితం ఇచ్చి, చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని మూడు గుంపులు చేశానన్నావు. ప్రతి పాఠాన్నీ మూడు రకాలుగా తయారు చేసుకుంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నానన్నావు. అంత చేసినా సగం మందికి భిన్నాల కూడిక ఎక్కడం లేదని, లోపం నీలోనే ఉందేమోనని టెన్షన్ పడుతున్నావు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఏ పిల్లాడికి ఎలా చెప్పాలా అని నువ్వు ఇంతగా ఆలోచిస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ ఆలోచన వదలకు. ఆ మూడు గుంపుల్ని మాత్రం రేపే కలిపెయ్.

ఎందుకో చెబుతాను. పిల్లల్ని ఇలా రకాలుగా విడదీయాలని చాలామంది పెద్దవాళ్లే అనుకున్నారు. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ అనే అధ్యాపకుడు 1992లో చూడడం, వినడం, చదివి రాయడం, చేసి చూడడం అనే నాలుగు దారుల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. నువ్వు పంచిన లాంటి ప్రశ్నల కాగితాలు చాలావరకు ఆ బాటలోనివే. 2004లో ఫ్రాంక్ కోఫీల్డ్ అనే బ్రిటన్ విద్యా పరిశోధకుడి బృందం వెతికితే ఇలాంటి పద్ధతులు 71 తేలాయి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు వీటి వెనకున్న ఆధారాల్ని పరిశీలించారు. వాళ్లు అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. చూసి నేర్చుకుంటారని పేరు పడ్డవాళ్లలో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో చెప్పాలి. విని నేర్చుకుంటారన్నవాళ్లకూ అలాగే చేయాలి. తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ఎవరి పద్ధతిలో వాళ్లకు చెప్పినప్పుడే మార్కులు పెరిగితే సిద్ధాంతం నిజం. అలా సరిగ్గా జరిగిన పరీక్షలే కొద్ది. వాటిలోనూ కొన్నిట్లో ఫలితం తిరగబడింది. పిల్లలకు ఇష్టాలున్న మాట నిజమేగానీ, ఆ ఇష్టానికి తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని వాళ్లు తేల్చారు.

ఇది చదవకముందే నాకు ఒక పిల్లాడు ఇదే నేర్పాడు. చెప్పడానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాడు చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకునేవాడు, పుస్తకం తెరిస్తే మాత్రం తంటాలు పడేవాడు. వీడు విని నేర్చుకునే రకం అని నేనే నిర్ణయించేశాను. ప్రతి లెక్కా చదివి వినిపించాను. రాత పనిలో సగం మినహాయించాను. వాడికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను, వాడూ హాయిగా ఉన్నాడు. రెండేళ్లకు పై తరగతికి వెళ్లాక నాలుగు వాక్యాల ప్రశ్నను ఒక్కడే చదివి అర్థం చేసుకోలేకపోయాడు. ఏ పనిలో వాడికి సాయం కావాలో సరిగ్గా ఆ పని నుంచే నేను వాడిని తప్పించాను. 'నేను చదివే టైపు కాదు టీచర్, వినే టైపు' అని వాడే అన్నప్పుడు, ఆ మాట వాడి నోట్లో పెట్టింది నేనేనని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీ క్లాసులో ఏ పిల్లా ఆ మాట అనకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి అందరూ ఒకటేనా అంటావేమో. కానేకాదు. ఈ పాఠానికి ముందు రావాల్సింది వచ్చా, పాఠం చెప్పే భాష అర్థమవుతోందా, ఎంత వేగంగా అందుకుంటారు, తప్పు చెబితే నవ్వుతారని భయపడుతున్నారా, ఇవన్నీ అసలైన తేడాలు. నా అనుభవంలో వీటిలో పెద్దది మొదటిదే. ఈ తేడాలు పాఠానికో రకంగా మారుతుంటాయి. భిన్నాల్లో వెనకబడ్డ పిల్ల రేఖాగణితంలో అందరికంటే ముందుండొచ్చు. అందుకే ఏడాది మొదట్లో చేసిన గుంపులు ఏడాది పొడుగునా పనికిరావు.

ఇక నీ భిన్నాల దగ్గరికే వద్దాం. 1/2 + 1/3 ఇస్తే చాలామంది 2/5 అని రాస్తున్నారన్నావు. పైది పైదానితో, కిందిది కిందిదానితో కూడేశారన్నమాట. వెంటనే తప్పని కొట్టేయకు. 'సగం ఉంది, దానికి ఇంకాస్త కలిపాం. మరి వచ్చిన 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?' అని అడుగు. అడిగి ఊరుకో. కాసేపటికి ఎవరో ఒకరు 'కలిపితే తగ్గిందేంటి?' అంటారు. పాఠం అక్కడ మొదలవుతుంది.

అప్పుడు అందరి చేతికీ ఒక్కో కాగితం ఇయ్యి. నిలువుగా సగానికి మడిచి విప్పమను. అడ్డంగా మూడు సమాన భాగాలుగా మడిచి విప్పమను. ఆరు గళ్లు వస్తాయి. సగం అంటే మూడు గళ్లు, మూడోవంతు అంటే రెండు గళ్లు, మొత్తం ఆరింట ఐదు. మడిచాక అదే బొమ్మను నోటుబుక్కులో గీయించు. బొమ్మ పక్కనే 3/6 + 2/6 = 5/6 అని రాయించు. చేతి పని, బొమ్మ, గుర్తు, ఈ వరసను జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లోనే చెప్పాడు. చేసి నేర్చుకునేవాళ్లకు కాగితం, చూసేవాళ్లకు బొమ్మ అని పంచకు. 42 మందీ మూడు మెట్లూ ఎక్కాలి. ఒకరు కాగితం దగ్గర ఐదు నిమిషాలు ఉంటారు, ఇంకొకరు మూడు రోజులు ఉంటారు. ఆ మూడు రోజులు ఇవ్వడమే నువ్వు చేయాల్సిన మార్పు.

వచ్చినవాళ్లను మళ్లీ మళ్లీ మడవమని కూర్చోబెట్టకు, విసుగొచ్చి గోల చేస్తారు. కూడితే 5/6 వచ్చే జతలు ఇంకెన్ని దొరుకుతాయో వెతకమను. రానివాళ్లకు పూర్తిగా చేసి చూపిన లెక్కలు రెండు, సగం చేసి వదిలిన లెక్క ఒకటి, ఆ తర్వాతే ఖాళీ లెక్క ఇయ్యి. కొత్తవాళ్లకు చేసి చూపిన లెక్కలు ఎంత మేలు చేస్తాయో జాన్ స్వెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచే పరీక్షలు చేసి చూపాడు. బాగా వచ్చినవాళ్లకు అవే లెక్కలు అడ్డం పడతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి అదే కాగితం అందరికీ పంచితే ఎవరికో ఒకరికి నష్టమే.

ఎలా చెప్పాలన్నది చాలావరకు పాఠమే చెబుతుంది. దేశపటం ఆకారాన్ని మాటలతో ఎంత వర్ణించినా లాభం లేదు, కళ్లతో చూడాల్సిందే. పద్యం నడక చెవికే తెలుస్తుంది. లోలకం ఊగే సమయానికి గుండు బరువుతో పనిలేదు, దారం పొడవే ముఖ్యం అని పిల్లలు నమ్మాలంటే దారం కట్టి, గుండు మార్చి, ఊపులు లెక్కపెట్టాల్సిందే. అందుకని ఒక్క పాఠానికి మూడు ప్లాన్లు రాయడం మానెయ్. ఒకే పాఠం రాసుకో. అందులో చెప్పే మాట పక్కన ఒక బొమ్మ, పిల్లలు చేసే పని ఒకటి ఉండేలా చూసుకో. రాత్రి పదింటికల్లా పడుకో. నిద్రలేని టీచర్‌కు ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

క్లాసులో నీ అలవాట్లు కూడా కొన్ని మార్చుకోవాలి. ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకో. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతుల్ని గమనిస్తే, టీచర్లు సగటున ఒక్క సెకను ఆగి ఇంకొకరిని అడిగేస్తున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగేసరికి జవాబులు పొడవుగా వచ్చాయి, మౌనంగా ఉండేవాళ్లూ నోరు తెరిచారు. మూడు సెకన్లంటే చిన్నదనిపిస్తుంది కానీ బోర్డు ముందు నిలబడితే చాలా పెద్దది. మనసులో లెక్కపెట్టుకో. నెమ్మదిగా ఆలోచించే పిల్లలకు ఇంతకంటే పెద్ద సాయం లేదు. ఒకేసారి ఐదు పనులు చెప్పకు, రెండు చెప్పి మిగతావి బోర్డు మీద రాయి.

పిల్లలకు నచ్చే పద్ధతే మంచిదని కూడా అనుకోకు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు బాగా ముందున్నారు. అందుకే పీరియడ్ మొదట్లో రెండు నిమిషాలు పుస్తకాలు మూయించి, నిన్నటిది గుర్తున్నంత రాయించు. మొదట్లో మూతి ముడుస్తారు. మార్కులు వేయనని చెబితే పదిహేను రోజుల్లో అలవాటు పడతారు.

ఒక్క సంగతి జాగ్రత్త. బోర్డు కనపడకపోవడం, సరిగ్గా వినపడకపోవడం, డిస్లెక్సియా (చదవడం, రాయడం బాగా కష్టమయ్యే ఇబ్బంది) లాంటివి ఇష్టాలు కావు, అవసరాలు. పిల్లాడు పదేపదే కళ్లు చిట్లించినా, అక్షరాల దగ్గర నెలల తరబడి ఆగిపోయినా ఇంట్లోవాళ్లకు చెప్పి నిపుణులకు చూపించమను. ఈ విషయంలో ఆలస్యం చేయకు. వాళ్లకు ఎక్కువ సమయం, పెద్ద అక్షరాలు, ముందు వరసలో చోటు, ఏది కావాలంటే అది ఇయ్యి.

రేపు పీరియడ్ చివర మూడు నిమిషాలు మిగుల్చుకుని అందరికీ చిన్న చిట్టీలు పంచు. ఈరోజు అర్థమైంది ఒకటి, అర్థం కానిది ఒకటి రాయమను. ఒక చిన్న లెక్క కూడా చేయించు. సాయంత్రం వాటిని వచ్చినవి, సగం వచ్చినవి, రానివి అని మూడు కట్టలు కట్టు, పది నిమిషాలు పడుతుంది. ఎల్లుండి ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరికి ఏ కాగితం ఇవ్వాలో ఆ కట్టలే చెబుతాయి. వచ్చే వారం కట్టలు మారతాయి, నీ గుంపులూ వాటితో మారాలి. 2/5 రాసినవాళ్లు ఎంతమంది మిగిలారో, వాళ్ల చిట్టీల్లో ఏముందో నాకు ఉన్నదున్నట్టు రాయి. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ పాత లెక్కల టీచర్