అప్పీలు వినేవారే లేనప్పుడు

ప్రశ్న: ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్ల వ్యవస్థ అమెరికా పట్టుదల వల్ల ఆగిపోయిందని చదివాను. అగ్రరాజ్యమే పక్కకు తప్పుకుంటే మధ్యస్థాయి దేశాలు కలిసి చేయగలిగింది ఏమైనా ఉంటుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ఉంటుంది; మీరు పేర్కొన్న సంస్థలోనే అందుకు ఉదాహరణ ఉంది. అప్పీళ్ల మండలిలో ఏడుగురు ఉండాలి, ఒక్కో వివాదాన్ని ముగ్గురు వినాలి. నియామకాలకు సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. 2017 నుంచి అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 డిసెంబరు 11 నాటికి అక్కడ ఒక్కరే మిగిలారు. అప్పటి నుంచి కింది స్థాయిలో ఓడిన దేశం అప్పీలు దాఖలు చేస్తే చాలు, వినడానికి కావలసిన ముగ్గురు లేరు గనుక తీర్పు ఆమోదం పొందకుండా అక్కడే నిలిచిపోతుంది.

యూరోపియన్ యూనియన్, కెనడా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ వంటివి దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. అవి కొత్త సంస్థను కట్టలేదు. వివాద పరిష్కార నిబంధనల్లోని 25వ అధికరణం ఎప్పటి నుంచో మధ్యవర్తిత్వానికి వీలు కల్పిస్తోంది. తమలో తమకు తగాదా వస్తే అప్పీలును ఆ దారిలోనే వినిపించుకుంటామని, 90 రోజుల్లో తేల్చుకోవాలని అవి ముందుగానే మాట ఇచ్చుకుని, పదిమంది మధ్యవర్తుల జాబితా తయారు చేసుకున్నాయి. 2020 ఏప్రిల్ 30న ఈ ఏర్పాటును ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేశాయి. ఎవరు గెలుస్తారో తెలియక ముందే మాట ఇవ్వడంలోనే దీని బలమంతా ఉంది.

బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీల నుంచి వచ్చే శీతలీకరించిన బంగాళాదుంప ముక్కలపై కొలంబియా వేసిన సుంకాల వివాదంలో ఈ పద్ధతిలో తొలి తీర్పు 2022 డిసెంబరులో గడువులోపే వచ్చింది. అందులో చాలా అంశాల్లో యూరప్ వాదనే నిలిచింది. చైనా కూడా ఈ ఏర్పాటులో సభ్యదేశమే. 2020లో ఆస్ట్రేలియా బార్లీపై అది 80.5 శాతం సుంకం వేసింది. దానిపై ఆస్ట్రేలియా చేసిన ఫిర్యాదు తేలకముందే 2023లో ఆ సుంకాన్ని చైనా ఎత్తివేసింది. అప్పీలు పేరుతో కాలయాపన చేసే దారి మూసుకుపోవడం కూడా ఇందుకు ఒక కారణమని నా అంచనా.

అయితే ఇందులో చేరని దేశాలను ఈ మాట కట్టడి చేయదు. అమెరికా బయటే ఉంది, మన దేశమూ బయటే ఉంది. చక్కెర రాయితీలపై బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన కేసులో 2021 డిసెంబరులో ఓడిన భారత్, మరుసటి నెల ఆ ఖాళీ మండలికే అప్పీలు చేసింది. పాత మండలినే పునరుద్ధరించాలన్న మన వాదన న్యాయమైనదే. అది నెరవేరేదాకా బయట ఉండిపోవడం మాత్రం నాకు సరి అనిపించదు, ఎందుకంటే రేపు మనం గెలిచిన కేసులో ఎదుటి దేశం ఇదే పని చేస్తే మనకూ దారి ఉండదు. జపాన్ 2023లో, ఫిలిప్పీన్స్ 2024లో, మలేసియా, బ్రిటన్ 2025లో ఇందులో చేరాయి.