చెల్లిని టీవీ డ్యాన్స్ షోకి పంపాలా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ చెల్లి డ్యాన్స్ షోకి సెలెక్ట్ అయిందని, డిగ్రీ మధ్యలో పంపొచ్చా అని అడిగారు. పంపండి. చదువు సంగతి కాలేజీతో మాట్లాడుకోవచ్చు. నా భయం వేరే.

మాది ఒడిశాలోని బరంపురం. 2009లో మా ఊరి ప్రిన్స్ డ్యాన్స్ గ్రూప్ ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ మొదటి సీజన్ గెలిచింది. నడిపించింది కృష్ణమోహన్ రెడ్డి. ఆడినవాళ్లలో చాలామంది కూలిపని చేసుకునేవాళ్లే. ఒంటినిండా వెండిరంగు పూసుకుని దశావతారాలు కట్టారు. ఊళ్లో ఒడియావాళ్లు, తెలుగువాళ్లు అని లేకుండా అందరం ఎస్సెమ్మెస్‌లు పంపాం. అప్పుడు ఐదో తరగతిలో ఉన్న మా తమ్ముడికి డ్యాన్స్ పిచ్చి పట్టుకుంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు వాడూ ఒక తెలుగు షోకి సెలెక్ట్ అయ్యాడు. ఏవీ, అంటే డ్యాన్సర్‌నీ ఇంటివాళ్లనీ పరిచయం చేసే చిన్న వీడియో, తీస్తామని టీమ్ మా ఇంటికి వచ్చింది. అమ్మ జాకెట్లు కుడుతుంది. లైట్లు ఆర్పి, మిషన్ ముందు కూర్చోబెట్టి నాన్న గురించి అడిగారు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అమ్మ ఏడుస్తూ చెప్పింది. సౌండ్ సరిగా రాలేదని మళ్లీ చెప్పమన్నారు. మూడుసార్లు చెప్పించారు.

టీవీలో ఆ ఏడుపంతా వచ్చింది. తమ్ముడి డ్యాన్స్ రెండు నిమిషాలు. తర్వాత జాకెట్లకు వచ్చినవాళ్లు కుట్టుకూలికి మించి ఇచ్చి, "ఉంచండి పిన్నిగారూ" అనేవారు. ఆ డబ్బు తిరిగిచ్చి అమ్మ లోపలికి వెళ్లిపోయేది.

వాడు నాలుగో వారం ఎలిమినేట్ అయ్యాడు. కొన్నాళ్లు సెల్ఫీలు, కాలేజీ ఫంక్షన్లు. కొత్త సీజన్ మొదలవగానే ఫోన్లు ఆగిపోయాయి. దానికి వాడు తట్టుకున్నాడు, ఇప్పుడు పిల్లలకు డ్యాన్స్ నేర్పుతున్నాడు. కానీ ఆ ఏవీ ఇంకా యూట్యూబ్‌లో ఉంది. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో మొక్కుకున్నవాళ్లు కట్టిన వేషాన్ని యాత్ర అయ్యాక తీసేస్తారు. అమ్మకి కట్టిన ఈ వేషం మాత్రం తీయడానికి లేదు.

అందుకే అగ్రిమెంట్‌ని తెలిసిన వకీలుకి చూపించాకే సంతకం పెట్టించండి. ఎన్నాళ్లు వేరే షోలు చేయకూడదో, తీసిన వీడియో ఎవరి సొంతమో, ఇంటి ఏవీ తప్పనిసరో కాదో చూడమనండి. మేం చదవకుండానే పెట్టేశాం. చెల్లిని డ్యాన్స్ గురించి ఎంతసేపైనా మాట్లాడనివ్వండి. ఇంటి సంగతుల్లో ఏవి చెప్పాలో, ఏవి వద్దో ముందే అందరూ కూర్చుని అనుకోండి. ముఖ్యంగా మీ అమ్మగారికి, "ఇష్టం లేకపోతే చెప్పనని అనేయమ్మా" అని చెప్పి ఉంచండి. మా అమ్మకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. మూడోసారి ఆవిడ నా వైపు చూసింది. నేనే, "చెప్పమ్మా, తమ్ముడి కోసం" అన్నాను.