రెండు వేల రూపాయల్లో ఒక బోర్డు, మా డాబా మీది నీళ్ల ట్యాంకు

కొత్త పరికరాలతో ప్రయోగాలు చేయడం ఇష్టమనీ, కొన్నవన్నీ నాలుగు రోజులకే సొరుగులోకి చేరిపోతున్నాయనీ, రెండు వేల రూపాయలలోపు దొరికి చాలాకాలం ఆసక్తి నిలిపేది ఏదైనా ఉంటే చెప్పమనీ మీరు అడిగారు. ఈఎస్‌పీ32 బోర్డు కొనండి. అది మనం రాసిన ప్రోగ్రాము ప్రకారం సెన్సర్లను చదివి పనులు చేసే చిన్న కంప్యూటరు లాంటిది. కొనే ముందే, మీ ఇంట్లో రోజూ విసిగించే పని ఒకటి దానికోసం ఎంచి పెట్టుకోండి. నా దగ్గరకు రంగులు మార్చే బల్బు, చేతికి కట్టుకునే బ్యాండు, మాటకు బదులు చెప్పే స్పీకరు వచ్చి వెళ్లాయి. మూడేళ్లుగా నా ఆదివారాలను నిలబెట్టుకున్నది మాత్రం ఈ చిన్న బోర్డే.

దీని మీద ఉన్నది షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2016లో విడుదల చేసిన చిప్. 240 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల మెమరీ, వైఫై, బ్లూటూత్ అన్నీ అందులోనే ఉంటాయి. ఆర్డుయినో సాఫ్ట్‌వేరుతోనైనా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవారైతే దాని చిన్న రూపమైన మైక్రోపైథాన్‌తోనైనా దీనికి ప్రోగ్రాము రాయవచ్చు.

నాకు మొదటి సాయంత్రమంతా వృథా కావడానికి కారణం బోర్డు కాదు, కేబులు. ఇంట్లో ఉన్న ఛార్జింగ్ కేబులుతో కలిపితే ఎర్ర దీపం వెలిగింది కానీ కంప్యూటరుకు బోర్డు కనిపించలేదు. డ్రైవర్లు మార్చి మార్చి చూసిన తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కేబులులో కరెంటు తీగలే తప్ప డేటా తీగలు లేవు. ఫోన్‌లోని ఫోటోలు కంప్యూటరుకు పంపగలిగిన కేబులునే వాడండి. అలాగే ఈ చిప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే చూడగలదు కనుక, రౌటరులో ఆ బ్యాండు ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

మా ఇంట్లో విసిగించే పని డాబా మీది ట్యాంకు. మోటారు వేసి మరిచిపోతే నీళ్లు పొర్లి వీధిలోకి పోయేవి. వేయడం మరిచిపోతే పొద్దున్నే కుళాయిలో చుక్క రాదు. అందుకని మూత కింద హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సరు బిగించాను. మనకు వినబడని 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని అది నీటి మీదికి పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని చెబుతుంది. నీరు మీటరు దూరంలో ఉంటే దాదాపు 5.8 మిల్లీసెకన్లు. ఆ సమయాన్ని ధ్వని వేగంతో గుణించి, రానూపోనూ దూరం కనుక రెండుతో భాగిస్తే ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో తేలుతుంది. బడిలో చదివిన సూత్రం నా డాబా మీద పనిచేయడం చూసిన రోజు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ సెన్సరు 5 వోల్టులతో నడుస్తుంది, ప్రతిధ్వని సమయాన్ని తెలిపే దాని ఎకో పిన్ను కూడా 5 వోల్టులే ఇస్తుంది. ఈఎస్‌పీ32 పిన్నులు మాత్రం 3.3 వోల్టులకు తయారైనవి. ఎకో పిన్నుకూ బోర్డు పిన్నుకూ మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టరు, బోర్డు పిన్నుకూ గ్రౌండుకూ మధ్య రెండు కిలో ఓమ్‌ల రెసిస్టరు పెడితే వోల్టేజీ మూడింట రెండు వంతులకు తగ్గి సరిపోతుంది. రూపాయి రెండు రూపాయల రెసిస్టర్ల కోసం బద్ధకించి బోర్డును పాడు చేసుకోకండి.

మొదటి వానాకాలం దాటేసరికి ట్యాంకులోని తేమకు సెన్సరు పిన్నులకు చిలుము పట్టి, అంకెలు అడ్డదిడ్డంగా రావడం మొదలైంది. దాని స్థానంలో కారు వెనుక బంపరులో ఉండే సెన్సరు లాంటి గుండ్రటి తల గల జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ తెచ్చాను. ఇది తేమకు తట్టుకుంటుంది కానీ 20 సెంటీమీటర్లకంటే దగ్గరగా ఉన్నదాన్ని సరిగా కొలవలేదు. మా ట్యాంకులో పొర్లు గొట్టం మూతకు 15 సెంటీమీటర్ల కిందే ఉన్నందున, మూతకు రంధ్రం చేసి, దానిపై ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, సెన్సరును మరో పది సెంటీమీటర్లు పైకి ఎత్తవలసి వచ్చింది. మీరు నేరుగా దీన్నే కొంటే ఒక ఏడాది కలిసి వస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన చిక్కు మే నెలలో ఎదురైంది. మధ్యాహ్నం ఎవరూ మోటారు వేయకుండానే నీటి మట్టం మూడు సెంటీమీటర్ల మేర పెరిగినట్టు చూపించేది, రాత్రికి మళ్లీ తగ్గేది. రెండు రోజులు లీకు కోసం, తీగల్లో లోపం కోసం వెతికాను. అసలు కారణం గాలి వేడి. నా ప్రోగ్రాములో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసుకున్నాను. అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. ఒక్కో డిగ్రీకి వేగం సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది కనుక, 40 డిగ్రీల దగ్గర అది 355కు చేరుతుంది. ప్రతిధ్వని త్వరగా తిరిగి వస్తే నీరు దగ్గరకు వచ్చిందని బోర్డు అనుకుంటుంది. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరును మూత కింద వేలాడదీసి, లెక్కలో ఒక్క వాక్యం కలిపితే ఆ తేడా పోయింది.

ఫలితాన్ని ఫోన్‌లో చూడటం నాకు చాలు కానీ, అమ్మకు వంటగదిలోనే కనబడాలి. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు గల చిన్న ఓఎల్ఈడీ తెర పెట్టాను. తెలుగులో చూపించబోతే అక్షరాలు చెదిరిపోయాయి. కారణం స్పష్టమే: ఒక సంకేతానికి ఒక బొమ్మ చొప్పున గీసే ఫాంటు విధానం ఇంగ్లీషుకు సరిపోతుంది. మనకు 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వాటిని ఒత్తులుగా, గుడిదీర్ఘంగా కూర్చిపెట్టే పని వేరే సాఫ్ట్‌వేరు చేయాలి, అది నేను వాడిన తెరను నడిపే సిద్ధ ప్రోగ్రాములో (లైబ్రరీలో) లేదు. అందుకే 'నిండింది', 'సగం', 'ఖాళీ' అన్న మూడు మాటలను కంప్యూటరులో పెద్ద అక్షరాలతో రాసి, బొమ్మలుగా మార్చి బోర్డులోకి ఎక్కించాను. ఒక్కో బొమ్మకు 1024 బైట్లే పట్టింది.

మోటారును కూడా బోర్డుతోనే ఆన్, ఆఫ్ చేయాలన్న కోరిక మీకూ కలుగుతుంది. పది ఆంపియర్లని రాసి ఉన్న చిన్న రిలేకు (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చుకు) మోటారును నేరుగా కలపకండి. మోటారు మొదలయ్యే క్షణంలో తీసుకునే కరెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, రిలే కాంటాక్టులు అతుక్కుపోతే అది ఆగదు. ఎక్కువ కరెంటుకు తట్టుకునే కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చు ద్వారా, ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవలసిన పని అది. నేను ట్యాంకు నిండగానే బజరు మోగేలా చేసి అక్కడితో ఆగాను.

ప్రోగ్రామింగ్ ఇష్టం లేకపోతే ఈఎస్‌పీహోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో సెన్సరు పేరు, పిన్నుల సంఖ్యలు రాస్తే మిగిలింది అదే చూసుకుంటుంది. రాస్‌బెర్రీ పై వంటి ఖరీదైన బోర్డులు ఈ పనికి అవసరం లేదు. హైదరాబాదులో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో స్వయంగా చూసి కొనుక్కోవచ్చు. నాకు బోర్డు, సెన్సర్లు, తెర, టంకం లేకుండా తీగలు గుచ్చి కలిపే బ్రెడ్ బోర్డు, తీగలు అన్నీ కలిపి రెండు వేలకు లోపే అయ్యాయి. బోర్డులు మాత్రం రెండు తీసుకోండి. ఒకటి ట్యాంకు దగ్గర స్థిరపడిపోయాక, తర్వాతి ఆలోచనకు చేతిలో ఇంకొకటి కావాలనిపిస్తుంది.