రియాక్షన్ లైట్లు కొంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

మీ బ్యాడ్మింటన్ అకాడమీకి రియాక్షన్ లైట్లు తెప్పిస్తున్నానని, ఇకపై పిల్లల చురుకుదనాన్ని అంకెల్లో చూడొచ్చని రాశావు. చాలా సంతోషం. తప్పకుండా కొను, ఆరు పాడ్లు, అంటే ఆరు లైటు బిళ్లలు చాలు. బ్లేజ్‌పాడ్ అయినా, ఫిట్‌లైట్ అయినా, ఇంకో కంపెనీదైనా పనిచేసే తీరు ఇంచుమించు ఒకటే. లైటు వెలుగుతుంది, పిల్లాడు వెళ్లి దాన్ని ఆర్పుతాడు, ఎంతసేపు పట్టిందో ఫోన్లోనో ట్యాబ్‌లోనో పడుతుంది. ఆ అంకె దేన్ని చెబుతోందో, దేన్ని చెప్పడం లేదో తెలుసుకుని వాడాలి. ఈ ఉత్తరం అందుకే.

అందరూ చేసేది పాడ్లను కోర్టు ఆరు మూలల్లో, అంటే ముందు రెండు, పక్కల రెండు, వెనక రెండు చోట్ల నేల మీద పెట్టడం. అలా పెట్టకు. వెనక మూలలో లైటు వెలిగితే కనబడాలంటే పిల్లాడు తల వెనక్కి తిప్పాలి. ఆటలో సంకేతం ఎప్పుడూ నెట్ అవతలి నుంచే కదా వచ్చేది! పైగా నేల మీది లైటును తాకడానికి నడుము వంచేసి, చేత్తో తడుముతూ పరిగెత్తడం అలవాటవుతుంది. ఆరు పాడ్లనూ ఒక చెక్క మీద కోర్టు ఆకారంలో బిగించి, నెట్ అవతల ఛాతీ ఎత్తులో నిలబెట్టు. మూలల్లో స్టాండ్లకు షటిల్ వేలాడదియ్యి. ఏ లైటు వెలిగితే ఆ మూలకి వెళ్లి షటిల్‌ని రాకెట్‌తో కొట్టి, మధ్యకి రావాలి. టైము పాడ్‌తో కాకుండా ఫోన్ స్లో మోషన్ వీడియోతో తియ్యి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనైతే ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల చిల్లర. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కే మనకి అంత కచ్చితత్వం ఎక్కడిది?

ఆ వీడియోలో నువ్వు ముందు చూడాల్సింది స్ప్లిట్ స్టెప్. ప్రత్యర్థి కొట్టే క్షణానికి పిల్లాడు చిన్నగా ఎగిరి దిగుతుంటాడు చూడు, అది. బాగా ఆడేవాళ్లు కుడివైపు వెళ్లాల్సి వస్తే ఎడమ పాదాన్ని కుడి పాదం కన్నా రవ్వంత ముందే నేలకు ఆనించి అక్కడి నుంచే తోసుకుంటారు. లైటు చెప్పాపెట్టకుండా వెలుగుతుంది కాబట్టి పిల్లలకు ఆ ఎగురుడు వేళ కుదరదు, బిగుసుకుపోయి నిలబడతారు. అందుకని లైటుకు కాస్త ముందు ఒక బీప్ పెట్టు. లేదంటే అవతల ఎవరినైనా రాకెట్ ఊపమని, ఆ ఊపుతోపాటే లైటు వెలిగించు.

ఇంత చేసినా లైటు మనిషి కాదు. 1987లో ఆబర్నెథీ, రసెల్ అనే పరిశోధకులు బ్యాడ్మింటన్ ఆటగాళ్లకు షాట్ల ఫిల్ములు చూపించి పరీక్షించారు. అనుభవమున్నవాళ్లు రాకెట్‌తో పాటు దాన్ని పట్టుకున్న చేతి కదలికని కూడా చదివి షటిల్ ఎటు వస్తుందో పట్టేస్తున్నారని, కొత్తవాళ్లు రాకెట్‌నే చూస్తున్నారని తేలింది. మన అమలాపురం సాత్విక్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాడు. మ్యాచ్‌లో కాదు, పరీక్షలో కొలిచిన వేగమే అనుకో. అయినా అలాంటి చేతి ముందు షటిల్ బయల్దేరాక కదుల్దామంటే అవుతుందా?

కాబట్టి ప్రతి పిల్లాడికీ మూడు టైములు తియ్యి. మూలల వరుస ముందే చెప్పి ఒకటి, లైట్లతో ఒకటి, నువ్వే అవతల నిలబడి షాట్ ఆడుతున్నట్టు చూపిస్తూ ఒకటి. మొదటిదే మందకొడిగా ఉంటే కాళ్లకు బలం కావాలి, లేదా అడుగుల వరుస దిద్దాలి. మొదటి రెండూ బాగుండి మూడోది జారిపోతే కాళ్లకు లోటు లేదు, చూపుకి పని చెప్పాలి. అలాంటివాడిని లైట్ల ముందు ఇంకో నెల పరిగెత్తించినా ఉపయోగం ఉండదు. ఆటగాళ్ల ఎదురుగా నిలబెట్టి, వాళ్ల చేత మోసపు షాట్లు, అంటే ఒకవైపు చూపించి ఇంకోవైపు కొట్టేవి ఆడించు.

పోలిక సరిగ్గా రావాలంటే యాప్ ఇచ్చే ర్యాండమ్ వరుసని నమ్ముకోకు. ఒకడికి వెనక మూలలు ఎక్కువ పడితే, ఇంకొకడికి నెట్ దగ్గరివి ఎక్కువ పడతాయి. ప్రతి మూలా సమానంగా వచ్చేలా నాలుగైదు వరుసలు నువ్వే రాసుకుని మార్చి మార్చి వాడు. అదే మ్యాట్, అవే బూట్లు, అదే వేళ. మధ్యలో పూర్తి విశ్రాంతి ఇచ్చి మూడుసార్లు చేయించు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చాలు.

మోకాళ్ల గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. 2019 జనవరిలో ఇండొనేసియా మాస్టర్స్ ఫైనల్లో మన సైనాతో ఆడుతూ స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ కుడి మోకాలి ఏసీఎల్ (మోకీలు లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటు) తెగింది. ఆమెది ఎడమచేతి వాటం. బ్యాడ్మింటన్‌లో ఈ గాయం రాకెట్ పట్టని వైపు మోకాలికే ఎక్కువ. బ్యాక్‌హ్యాండ్ వెనక మూలలో, అంటే రాకెట్ పట్టని వైపు వెనక మూలలో, తల మీది షాట్ కొట్టి ఒంటికాలి మీద దిగేటప్పుడు జరుగుతుంటుంది. టైము తగ్గించాలన్న ఆత్రంలో పిల్లలు సరిగ్గా అక్కడే మోకాలు లోపలికి వాల్చేస్తారు. ఎదురు నుంచి ఇంకో ఫోన్ పెట్టు. మోకాలు లోపలికి పడిందంటే ఎంత మంచి టైమైనా లెక్కలోంచి తీసెయ్యి. ప్రాక్టీసు ముగిసి అలిసిపోయాక పరీక్ష అసలే వద్దు.

ఈ అంకెల్ని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టకు. పదమూడు పద్నాలుగేళ్లప్పుడు ఒక్కసారిగా పొడుగు సాగే పిల్లలు కొన్నాళ్లు నెమ్మదిస్తారు. ఆ వయసులో వాళ్ల ఎత్తు కూడా టైము పక్కనే రాసిపెట్టుకో. మొదటి పరీక్ష అయ్యాక మూడు టైములూ, బ్యాక్‌హ్యాండ్ మూల వీడియోలూ నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ అన్న