నా ఓటు సన్నటి తీగచుట్ల నగిషీకే, బులినోకి దండం పెట్టి మరీ

మీ ప్రశ్న ఇదీ: కొత్తగా ఓ ఓవర్-అండర్ షాట్‌గన్ (ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్లుండే రకం) చేయించుకుంటున్నారు. తయారీదారు మూడు రకాల నగిషీలు చూపించి ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. ఒకటి, కేస్ రంగుల (ఉక్కుని కాల్చి నీళ్లలో ముంచితే తేలే మబ్బురంగులు) మీద సన్నటి తీగచుట్లు, మధ్యమధ్యలో పూలగుత్తులు. రెండోది, తెల్లగా వదిలేసిన ఉక్కు మీద బులినో పద్ధతిలో ఫొటోని తలపించే వేట దృశ్యాలు. మూడోది, నల్లటి యాక్షన్ (బ్యారెళ్ల వెనకుండే ఉక్కు భాగం) మీద పొదిగిన బంగారు పక్షులు. అడిగినవాళ్లంతా తలో మాట చెబుతున్నారట. మీ సొంత అభిరుచి ఏంటి, ఎందుకు అని ఇక్కడ అడిగారు.

నా ఓటు కళ్లు మూసుకుని మొదటిదానికే.

చాలా ఏళ్లుగా క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే బిళ్లలు) కాలుస్తున్నాను. నాది పాత ఇంగ్లీష్ బాక్స్‌లాక్ (పేల్చే యంత్రాంగం, అంటే లాక్, యాక్షన్ లోపలే ఉండేది), పక్కపక్కన రెండు బ్యారెళ్లుండే రకం. రేంజ్‌కి ఎవరైనా మంచి తుపాకీ తెస్తే స్కోరు సంగతి వదిలేసి భూతద్దం పట్టుకుని వెళ్తాను. అలా చూడగా చూడగా నాకో కొలత ఏర్పడింది. నగిషీ వల్ల తుపాకీ ఆకారం ఇంకా బాగా కనబడాలి. నగిషీ ఒక్కటే గుర్తుండి తుపాకీ వంపులు గుర్తు రాకపోతే, ఆ పనితనం ఎంత గొప్పదైనా నా మనసుకి ఎక్కదు.

సన్నటి తీగచుట్లు అని నేననేది లండన్ పద్ధతి. 1814లో మొదలైన పర్డీ కంపెనీ తుపాకుల మీద మామూలుగా కనిపించేది ఇదే: చిన్నచిన్న బిగుతైన చుట్లు, ఒక్కో చుట్టు లోపల వెంట్రుకవాసి నీడగీతలు, అక్కడక్కడా చిన్న పూలగుత్తి. బాస్ అనే మరో కంపెనీ వాళ్ల పనిలో పూలు గుండ్రటి పతకాల ఆకారంలో ఉంటాయి, వాటి చుట్టూ చుట్లు మరీ బిగువు. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ రాయల్ మోడల్ మీదైతే తీగలు పెద్దవి, లోతెక్కువ, ఆకులు విప్పారి ఉంటాయి, దూరం నుంచే రాయల్ అని తెలిసిపోతుంది. మూడూ లండన్‌వే అయినా మూడు స్వభావాలు. నాకు రాయల్ మీద గౌరవం, పర్డీ తరహా మీద మోజు.

చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చూస్తే ఈ సన్నపనిలో ఏ ఆకారమూ విడిగా కనిపించదు. ఉక్కు మెరుపు విరిగిపోయి మెత్తటి బూడిదఛాయ ఒకటి పరుచుకుంటుంది. యాక్షన్ వంపు మాత్రం కంటికి స్పష్టంగా ఆనుతుంది. దగ్గరికి తెచ్చేకొద్దీ చుట్లు విడివడతాయి. లాక్ ప్లేటు వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడి తోకలా ముగుస్తుంది కదా, అక్కడ చూడండి. చుట్లు కూడా ప్లేటుతో పాటే చిన్నవవుతూ వస్తాయి. చివరి చుట్టు సరిగ్గా అంచుగీత దగ్గర మూసుకుంటుంది, ఏదీ సగంలో తెగదు. అంటే చెక్కినవాడు మొదటి గీత పెట్టేముందే చివరిది ఎక్కడ పడాలో లెక్క చూసుకున్నాడన్నమాట. చవక మెషిన్ పని దొరికిపోయేది కూడా ఇక్కడే. డిజైన్ అంచుదాకా వచ్చి ఠక్కున ఆగిపోతుంది, సగం చుట్టు అనాథలా మిగిలిపోతుంది.

స్క్రూల సంగతి విడిగా చెప్పాలి. మంచి సైడ్‌లాక్ (లాక్‌ని పక్క ప్లేట్లకి బిగించే రకం) మీద నగిషీ స్క్రూ తలల మీదుగా కూడా సాగిపోతుంది. స్క్రూ పూర్తిగా బిగిశాక దాని గాడి తుపాకీ పొడవు వెంబడి నిలబడాలి. అప్పుడే తల మీది గీతకి ప్లేటు మీది గీత కలుస్తుంది. పాత తుపాకీ కొనేటప్పుడు నేను ముందు చూసేది అదే. గాడి కాస్త పక్కకి తిరిగినా, తల మీది పువ్వు నలిగినా, ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా లోపల చెయ్యి పెట్టారని అర్థం. నగిషీ ఇలా చాడీలు కూడా చెబుతుంది.

ఇక కేస్ రంగులు. చెక్కడం అయ్యాక ఆ భాగాల్ని ఎముకల బొగ్గు, కర్రబొగ్గు కూరిన పెట్టెలో పెట్టి ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. ఉక్కు పైపొర కార్బన్ పీల్చుకుని గాజంత గట్టిపడుతుంది, లోపల మెత్తదనం అలాగే ఉంటుంది. నీలం, గోధుమ, గడ్డి రంగులు మబ్బులు మబ్బులుగా తేలేది ఆ ముంచడంలోనే. ఏ రెండు తుపాకులకీ ఒకేలా రావు. పైపొర గట్టిపడ్డాక ఉలి దిగదు కాబట్టి నగిషీ ముందే అయిపోవాలి.

దీన్ని ఒప్పుకోనివాళ్ల వాదన ఏంటంటే, ఇంత ఖర్చుపెట్టి చెక్కించి రంగుల కింద దాచడం దేనికి అని. నిజమే, కొత్తలో సన్న తీగలు సరిగా కనబడవు. కానీ వాడేకొద్దీ చెయ్యి తగిలేచోట రంగు పల్చబడి వెండిఛాయ బయటికొస్తుంది, గాడుల్లో మాత్రం ముదురు మిగులుతుంది. తీగలు తేటగా కనపడడం అప్పుడు మొదలవుతుంది. నా బాక్స్‌లాక్ అడుగున రంగు పూర్తిగా పోయింది. బ్యారెళ్లు ఆనేచోట, వంపు లోపల మాత్రం నీలం ఇంకా దాక్కుని ఉంది. మళ్లీ రంగు వేయించమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. వేయించను. ముందు పాలిష్ పట్టాలి, అందులో గీతలు అరుగుతాయి. మళ్లీ కాల్చి ముంచితే భాగాలు వంకరపోయే టెన్షన్ ఒకటి.

బులినోని తీసిపారేసే ధైర్యం నాకు లేదు. దానికి పేరుపడ్డది ఇటలీలో బ్రేషా దగ్గరున్న గార్డోనే వాల్ త్రోంపియా ప్రాంతం. 1526 నాటి పత్రంలోనే బెరెట్టా పేరు కనిపించేది కూడా అక్కడే. సుత్తి వాడకుండా, సూదిమొన ఉలిని అరచేత్తో నెట్టుతూ, లెక్కలేనన్ని చుక్కలతో, సన్నగీతలతో బొమ్మ తేలుస్తారు. చుక్కలు దగ్గరైతే నీడ, దూరమైతే వెలుగు. ఫిర్మో ఫ్రకాస్సి లాంటి ఇటలీ చెక్కుడు నిపుణుల స్థాయిలో కుక్క మెడ మీద వెంట్రుకలు ఎటు పడుకున్నాయో కూడా తెలుస్తుంది. ఒక్క తుపాకీకే వందల గంటలు పడతాయి. ఇటలీ వాళ్లు దాని కింద సంతకం కూడా చేస్తారు, చెయ్యాలి కూడా. లండన్ కంపెనీల్లో చెక్కినవాళ్లు చాలాకాలం పేరు లేకుండానే పనిచేశారు, అది మాత్రం నాకు నచ్చని విషయం.

అయినా బులినో నాకు ఎందుకు ఎక్కదంటే, మొదటి కారణం అది బొమ్మ కావడమే. బొమ్మకి పైన, కింద ఉంటాయి. దిగంతం ఉంటుంది, నేల ఉంటుంది. తుపాకీ నిలకడగా ఒకే తీరున ఉండే వస్తువు కాదు. విరిచి, అంటే బ్యారెళ్లు కిందికి వంచి తెరిచి, మోచేతి మీద వేసుకుంటాం, భుజానికి ఎత్తుతాం, స్టాండులో నిలబెడతాం. అప్పుడు ఆ నెమలికంఠపు ఫెజెంట్ పక్షి ఆకాశంలోకి నిటారుగా రాకెట్‌లా పోతుంటుంది, కుక్క గోడెక్కుతుంటుంది. తీగచుట్టుకి తలకిందులనేదే లేదు, ఎటు తిప్పినా అది సరిగ్గానే ఉంటుంది.

రెండోది వెలుతురు. ఆ చుక్కలు చాలా పైపైన ఉంటాయి. కాంతి ఒక కోణంలో పడితే బొమ్మ ప్రాణం పోసుకుంటుంది, కాస్త తిప్పితే బూడిదరంగు పొగ. రేంజ్‌లో నాకు తెలిసినాయన తన తుపాకీ చూపించాలంటే ముందు కిటికీ వెతుక్కుంటాడు. మూడోది, ఆ పైపై చుక్కలు చేతి రాపిడికి నిలవవు. ఆయన తుపాకీ అడుగునే ఒక సెట్టర్ కుక్క ఉంది. మోసుకెళ్లేటప్పుడు చెయ్యి పడేది సరిగ్గా అక్కడే. దాని మూతి దగ్గర చుక్కలు ఇప్పటికే చదునైపోయి నునుపు మచ్చ ఏర్పడింది. తీగచుట్లు అరిగితే పాతబడ్డట్టు కనిపిస్తాయి. మొహం అరిగితే పాడైనట్టు కనిపిస్తుంది. మంచి చెక్కుడు పనివాళ్లు అడుగున బొమ్మ వెయ్యకుండా తీగలు వేసి వదిలేస్తారు, తెలివైన పని.

దృశ్యాల విషయంలో ఇంకో తలనొప్పి కూడా ఉంది. చెక్కేవాడికి ఉలి తెలిస్తే చాలదు, పక్షి తెలియాలి. వుడ్‌కాక్ కన్ను మిగతా పక్షుల్లా తల మధ్యలో ఉండదు, నెత్తికి దగ్గరగా, బాగా వెనక్కి ఉంటుంది. ఖరీదైన తుపాకుల మీద కూడా దాన్ని పొడుగు ముక్కు తగిలించిన పావురంలా చెక్కేసిన సందర్భాలు చూశాను. రెక్కలు విప్పిన బాతుకి ఈకల వరసలు లెక్క తప్పడం, పాయింటర్ కుక్క ముందుకాలు భుజంలోంచి కాకుండా మెడలోంచి మొలవడం కూడా మామూలే. తీగచుట్టులో తప్పు జరిగితే పనితనం తగ్గినట్టు ఉంటుందంతే. కుక్క కాలు తప్పితే నవ్వొస్తుంది, ఆ తర్వాత ఆ ప్లేటు మీద ఇంకేమీ కనపడదు.

బంగారం గురించి నా మాట కాస్త కటువు. పొదగడం మాత్రం తేలికైన విద్య కాదు. ఉక్కులో గాడి తీసి, దాని గోడల్ని లోపలికి వాలేలా కోసి, మెత్తటి బంగారాన్ని సుత్తితో కొట్టి లోపలికి నింపుతారు, అది ఆ కింది అంచుల్లో ఇరుక్కుని ఇక ఊడిరాదు. 1931లో బజార్లోకి వచ్చిన బ్రౌనింగ్ సూపర్‌పోజ్డ్ అనే ఓవర్-అండర్‌కి బెల్జియంలో చేసిన మైడాస్ గ్రేడ్ చూస్తే, నల్లటి ఉక్కు మీద ఆ పక్షులు ఎంత శ్రద్ధగా చేశారో తెలుస్తుంది. అయినా నా కంటికి అవి దేనికీ ఆనుకోకుండా గాల్లో అతికించినట్టే ఉంటాయి. తుపాకీ భుజానికెత్తే లోపు కన్ను అటే పోతుంది. ఆ మాటకొస్తే ఇంగ్లీష్ చెక్కుడు నిపుణుడు కెన్ హంట్ చేసిన బంగారు పని ఫొటోల్లో చూసినప్పుడల్లా నా వాదన కాస్త తడబడుతుంది, దాచుకోను. కానీ మీకు చెక్కబోయేది ఆయన కాదు కదా.

బంగారం నేను ఒప్పుకునేవి మూడు చోట్లు. జత తుపాకులైతే రిబ్ (బ్యారెళ్ల మీద పొడవునా ఉండే పట్టీ) మీద 1, 2 అంకెలు. సేఫ్టీ బటన్ వెనక్కి లాగితే బయటపడే 'సేఫ్' అనే అక్షరాలు. కర్ర అడుగున పొడి అక్షరాల కోసం పెట్టే చిన్న కోడిగుడ్డు ఆకారపు రేకు. మూడింటికీ పని ఉంది.

జర్మనీ సూల్‌లో, ఆస్ట్రియా ఫెర్లాక్‌లో చేసే లోతైన ఓక్ ఆకులు, ఉబ్బెత్తు దుప్పులు, అడవిపందులు బరువైన రైఫిళ్లకి బాగుంటాయి. తేలికపాటి షాట్‌గన్ మీద నాకు మోతగా అనిపిస్తాయి. లేజర్, ఆసిడ్ పనుల్ని ఒక్క చూపుతో పట్టుకోవచ్చు: గాడి అడుగు చదునుగా, మసకగా ఉంటుంది. ఉలితో తీసిన గాడికి వాలు గోడలుంటాయి, తిప్పితే ఆ గోడలు తళుక్కుమంటాయి. లేజర్ వేసి పైన చేత్తో రెండు గీతలు దిద్ది "హ్యాండ్ ఫినిష్డ్" అని రాసేవాళ్లూ ఉన్నారు, ఆ రెండు మాటలకీ మధ్య ఎంత చేతిపని ఉందో అడగండి.

అసలు నగిషీయే వద్దనుకుని, అంచుగీత ఒక్కటి గీయించి వదిలేస్తే? నా రెండో ఓటు దానికి. ఆకురాయి పని ఎంత శుభ్రంగా జరిగిందో అప్పుడు తెలుస్తుంది, దాచుకోవడానికి ఏమీ ఉండదు. నిండా చెక్కిన నాసి తుపాకీ కంటే అది నయం.

మీ సంగతికొస్తే ఒక ఒప్పుకోలు: ఓవర్-అండర్ యాక్షన్ పక్కలు ఎత్తుగా, వెడల్పుగా ఉంటాయి, సైడ్‌ప్లేట్లు కూడా పెట్టిస్తే ఇంకా జాగా. పక్కపక్క బ్యారెళ్ల తుపాకీ కంటే దాని మీద దృశ్యం నప్పుతుంది. బులినో మీదే మనసు పడితే పక్కల మీద మాత్రం వేయించుకుని అడుగుని తీగలకి వదిలేయండి. ఏది తీసుకున్నా కాగితం మీద గీసిన బొమ్మ చూసి ఒప్పుకోవద్దు, అదే చెయ్యి ఉక్కు మీద చేసిన పని ఒకటి చూపించమనండి, ఎవరు చెక్కుతారో పేరు కూడా కనుక్కోండి. ట్రిగ్గర్ గార్డ్ మీద ఏం వేస్తారో ఇప్పుడే రాయించి పెట్టుకోండి. ప్లేట్ల మీద ఉన్న శ్రద్ధ అక్కడికొచ్చేసరికి చాలాచోట్ల అయిపోతుంది, తుపాకీ విరిచి మోచేతి మీద వేసుకున్నప్పుడు ముందు కనపడేది మాత్రం అదే.