పాత బోటుకు కొత్త డీజిల్ ఇంజిన్: ముందు ప్రొపెల్లర్ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న ఇదీ: 26 అడుగుల పాత ఫైబర్ బోటు, నీటి గీత దగ్గర పొడవు సుమారు 23 అడుగులు, సామానుతో కలిపి మూడున్నర టన్నుల బరువు. అందులో ఉన్న నాలుగు సిలిండర్ల 48 హెచ్‌పీ డీజిల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కానని మొరాయిస్తోంది, నీలం పొగ వదులుతోంది. దానికే బోరు చేయించాలా (అరిగిన సిలిండర్లను లోపల చెక్కించి సరిచేయించడం), కొత్తది అదే 48 హెచ్‌పీలో కొనాలా, లేక బండి ఇంజిన్ ఏదైనా తెచ్చి బోటుకు తగ్గట్టు మార్పించుకోవాలా అని అడిగారు.

నాదీ ఇంచుమించు ఇలాంటి బోటే. పాత ఇంజిన్ దింపేసి కొత్తది పెట్టించుకుని నడుపుతున్నాను కాబట్టి ముందు ఒక్క మాట: 48కి బదులు 48 కోసం వెతక్కండి. పాత ఇంజిన్ ప్లేటు మీద ఉన్న అంకె మీ బోటుకు ఎంత కావాలో చెప్పదు, అప్పట్లో తయారీదారు దగ్గర ఏ ఇంజిన్ దొరికిందో చెబుతుంది, అంతే.

మీ బోటు వివరాలను బట్టి అది నీటిని తోసుకుంటూ పోయే రకం, నీటి మీదికి లేచి జారే రకం కాదు. (జారే రకమైతే కింద రాసిన హెచ్‌పీ లెక్క మీకు పనికిరాదు.) తోసుకుపోయే బోటుకు వేగంలో ఒక హద్దు ఉంటుంది. నీటి గీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో (గంటకు ఎన్ని నాటికల్ మైళ్లో ఆ లెక్కలో) వస్తుంది. 23కి వర్గమూలం దాదాపు 4.8, అంటే మీ బోటుకు హద్దు 6.4 నాట్లు. ఆ వేగం దగ్గర బోటు లేపిన అల దాని పొడవంతా సాగి, ముందు ఒక గట్టు, వెనక ఒక గట్టు, మధ్య పల్లంలో బోటు అన్నట్టు తయారవుతుంది. ఆపైన ఎంత రేసు ఇచ్చినా ముందున్న గట్టు ఎక్కడానికే సరి. వెనక అల పెద్దదవుతుంది, డీజిల్ ఖర్చవుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు.

మామూలు నడకకు టన్నుకు 4 హెచ్‌పీ వేసుకుంటే మీకు 14 చాలు. ఎదురుగాలి, అలలు, ప్రవాహం, ఆల్టర్నేటర్ లోడు అన్నీ కలుపుకుని దాన్ని రెట్టింపు చేయండి. 25 నుంచి 30 హెచ్‌పీ మధ్యలో ఆగుతారు. నేను కూడా దాదాపు 50 నుంచి 30కి దిగాను. అమ్మేవాళ్లు పెద్దదే తీసుకోమని బాగానే ఒత్తిడి చేశారు. మామూలు నడక వేగంలో నాకు తేడా తెలియలేదు. పెద్ద ఇంజిన్ ఉంటే నష్టమేముంది అనుకోవచ్చు, ఉంది. డీజిల్ ఇంజిన్‌కు లోడు కావాలి. ఎప్పుడూ పావు లోడుతో నడిపితే సరిగ్గా వేడెక్కదు, సిలిండర్ లైనర్ల లోపలి గోడలు అద్దంలా నునుపెక్కి రింగులు పట్టు కోల్పోతాయి, ఆయిల్ పైకొచ్చి మండుతుంది. మీ నీలం పొగకు వయసుతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. బోటును ఒడ్డుకెక్కించి ప్రొపెల్లర్ బొడ్డు మీద చెక్కిన అంకెలు చదవండి. 17 x 12 ఆర్ఎచ్ అన్నట్టు ఉంటుంది. మొదటిది వ్యాసం, రెండోది పిచ్ (ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం), రెండూ అంగుళాల్లో. చివరిది తిరిగే దిక్కు, ఆర్ఎచ్ అంటే కుడివైపు. పాత ఇంజిన్లు నిదానంగా తిరిగేవి. 2,400 ఆర్పీఎమ్‌తో తిరిగే ఇంజిన్‌కు 2:1 గేర్‌బాక్స్ ఉంటే ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్ 1,200 తిరుగుతుంది. ఈ రోజుల్లో వచ్చే చిన్న డీజిళ్లలో చాలావాటికి పూర్తి రేసు 3,600. యాన్మార్ 3వైఎమ్30నే తీసుకోండి, 29 హెచ్‌పీ ఇచ్చేది 3,600 దగ్గరే. దానికీ 2:1 గేర్‌బాక్స్ తగిలిస్తే షాఫ్ట్ 1,800 తిరగాలి. అంత వేగంగా మీ పెద్ద ప్రొపెల్లర్‌ను తిప్పడం 30 హెచ్‌పీ వల్ల కాదు. ఇంజిన్ రేసు అందుకోలేక నల్లపొగ కక్కుతుంది. 2.6:1 పెట్టిస్తే షాఫ్ట్ 1,385కి దిగుతుంది. అప్పుడూ పిచ్ కొంత తగ్గించాల్సి వస్తుంది గానీ, పెద్ద వ్యాసాన్ని చాలావరకు నిలుపుకోవచ్చు.

ఆ వ్యాసం కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, బరువైన బోటును పెద్ద ప్రొపెల్లర్ నిదానంగా తిరిగి తోసినంత బాగా చిన్నది గిర్రున తిరిగి తోయలేదు. ఆగేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. అందుకే ధరల పట్టీ అడిగే ముందే, ఏయే నిష్పత్తుల్లో గేర్‌బాక్స్ ఇస్తారో అడగండి. అలాగే కొత్త గేర్‌బాక్స్ ముందుకు వేసినప్పుడు షాఫ్ట్ ఎటు తిరుగుతుందో కనుక్కోండి. దిక్కు మారితే పాత ప్రొపెల్లర్ పనికిరాదు. రివర్స్‌లో బోటు వెనక భాగం పక్కకు లాగే దిక్కు కూడా మారుతుంది, ఇన్నాళ్ల చేతి అలవాటు తలకిందులవుతుంది. వ్యాసం పెంచాలనుకుంటే రెక్క కొసకూ బోటు అడుగుకూ మధ్య వ్యాసంలో కనీసం పదో వంతు ఖాళీ ఉండాలి. అంతకన్నా కాస్త ఎక్కువుంటే అదురు తగ్గుతుంది.

బోరు సంగతి. ఇంజిన్‌ను నేరుగా బయటి నీళ్లతోనే చల్లబరిచే రకమైతే, ముఖ్యంగా ఉప్పు నీళ్లలో తిరిగిన బోటైతే, నేను బోరుకు డబ్బు పెట్టను. బోరు చేస్తే సిలిండర్లు కొత్తవవుతాయి గానీ, బ్లాకు లోపల ఉప్పు తినేసిన నీటి దారులు కొత్తవి కావు. హీట్ ఎక్స్‌చేంజర్ (కూలంట్ వేడిని బయటి నీళ్లకు వదిలే భాగం) ఉండి, లోపల కూలంట్ తిరిగే రకమై, రింగులు, లైనర్లు, నాజిళ్లు తేలిగ్గా దొరుకుతుంటే ఆలోచించవచ్చు. గేర్‌బాక్స్, ప్రొపెల్లర్, ఇంజిన్ కూర్చునే దిమ్మెలు ఏవీ కదపక్కర్లేదు, అది చిన్న లాభం కాదు.

బండి ఇంజిన్ మాటకొస్తే, మీరనుకునే పనిని కంపెనీలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. బీటా మెరైన్, నాన్నీ వాళ్ల చిన్న ఇంజిన్లు కుబోటా బ్లాకుల మీద కట్టినవి. వీటస్, సోలే వాళ్లు మిత్సుబిషి బ్లాకులు వాడతారు. వాటికి నీళ్లతో చల్లబడే ఎగ్జాస్ట్ మానిఫోల్డు, హీట్ ఎక్స్‌చేంజర్, బయటి నీళ్ల పంపు, పొగలో నీళ్లు కలిపే ఎల్బో, బోటు గేర్‌బాక్స్ తగిలిస్తారు. మీరు సొంతంగా మొదలుపెడితే ఇవన్నీ విడివిడిగా వెతుక్కోవాలి, ఒకదానికొకటి అతికించుకోవాలి. మంచి లేత్ పని తెలిసిన మేస్త్రీ చేతిలో ఉంటే తప్ప ఆ టెన్షన్ పెట్టుకోకండి. బ్లాకు ఎవరిదో తెలుసుకోవడం మాత్రం మంచిది. ట్రాక్టర్లకు, జనరేటర్లకు వాడే బ్లాకైతే గ్యాస్కెట్ల వంటివి బోటు షాపు బయట కూడా దొరుకుతాయి. టర్బో మీకు అక్కర్లేదు. ఇంజెక్షన్ పంపు మెకానికల్‌దే తీసుకోండి, నీళ్ల మధ్యలో ఆగిపోతే స్పానర్లతో ఏదో ఒకటి చేయగలుగుతారు.

మోడల్ అనుకున్నాక దాని కొలతల డ్రాయింగ్ తెప్పించుకుని, అట్టతోనో పల్చటి ప్లైవుడ్‌తోనో అదే సైజులో డమ్మీ ఒకటి చేయండి. దాని మీద ఆయిల్ ఫిల్టర్, డిప్‌స్టిక్, ఇంపెల్లర్ (బయటి నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం) మూత ఎక్కడెక్కడున్నాయో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. నేను అలాగే చేసి ఇంజిన్ గదిలోకి దించి చూశాను. ముందు నచ్చిన మోడల్ దిమ్మెల మధ్య చక్కగా కూర్చుంది గానీ, ఫిల్టర్ పోయి డీజిల్ ట్యాంకు గోడకు ఆనుకుంది. చెయ్యి దూరినా ఫిల్టర్‌ను తిప్పే చోటు లేదు. ఆ మోడల్ వదిలేశాను. ఇంపెల్లర్ పంపు ఇంజిన్ ముందు వైపు ఉన్నదానికి మారాను. ఆ రబ్బరు చక్రాన్ని మార్చాల్సి వచ్చేది ఎప్పుడూ ఇంజిన్ కాలుతున్నప్పుడే, బోటు ఊగుతున్నప్పుడే. డమ్మీతోనే షాఫ్ట్ ఎత్తు కూడా తేలుతుంది. కొన్ని గేర్‌బాక్స్‌లలో షాఫ్ట్‌ను కలిపే కప్లింగ్ 7, 8 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది, దిమ్మెలు మార్చకుండా బయటపడే దారి ఒక్కోసారి అదే.

నేను ఊహించనిది బరువు. కొత్త ఇంజిన్ బాగా తేలిక కావడంతో బోటు వెనక భాగం కాస్త పైకి లేచింది. అడుగున చేరే నీళ్లు వెనక గుంటలోకి రావడం మానేసి ముందు భాగంలో నిలబడ్డాయి. నీళ్లు చేరగానే పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ వెనకే ఉంది కాబట్టి ఆ నీళ్లు తోడే పంపు ఆన్ కాలేదు. బ్యాటరీలను వెనక్కి జరిపాక సర్దుకుంది.

ఎగ్జాస్ట్ గొట్టాన్ని పాతదే వాడేద్దాం అనకండి, కొత్త ఇంజిన్‌కు ఎంత వ్యాసం చెబితే అంత వేయండి. పొగలో నీళ్లు కలిసే చోటు నీటి గీతకు కింద ఉన్నా, పైన జానెడు కన్నా దగ్గరగా ఉన్నా, నీటి గొట్టాన్ని బాగా పైకి తీసుకెళ్లి, వంపు దగ్గర గాలి వాల్వు పెట్టించాలి. లేదంటే ఇంజిన్ ఆపాక నీళ్లు వాటంతటవే కారుతూ వచ్చి సిలిండర్లలో చేరతాయి. నీళ్లు నొక్కుకుపోవు, కాబట్టి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు వంగేది కనెక్టింగ్ రాడ్డే. డీజిల్ ట్యాంకు అడుగు మడ్డి కడిగించండి, నీళ్లు వేరు చేసే ఫిల్టర్ పెట్టించండి, ఇంజెక్టర్ల నుంచి తిరిగొచ్చే లైనుకు ట్యాంకులో చోటుందో లేదో చూడండి.

కప్లింగ్ అలైన్‌మెంట్ బోటు ఒడ్డు మీద ఉండగా పూర్తి చేయనివ్వకండి. నీళ్లలోకి దిగాక అడుగు కాస్త రూపు మారుతుంది. ఒకటి రెండు రోజులు తేలనిచ్చి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) కప్లింగ్ చుట్టూ కొలవాలి, తేడా 0.1 మిల్లీమీటర్ లోపు రావాలి. తర్వాత ట్యాంకులు నింపి, మనుషుల్ని ఎక్కించి, విశాలమైన నీళ్లలో పూర్తి రేసు ఇవ్వండి. కట్టేసి ఉన్న బోటులో ఈ పరీక్ష చెల్లదు, ఇంజిన్ ఎలాగూ పూర్తి రేసు అందుకోదు. 3,600 అందుకోవాల్సింది 3,300 దగ్గర ఆగి నల్లపొగ పోస్తే పిచ్ ఎక్కువైందని అర్థం. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే రమారమి 150 నుంచి 200 ఆర్పీఎమ్ పెరుగుతుంది. నాకు కొత్త ప్రొపెల్లర్ కొనే పని పడలేదు. ప్రొపెల్లర్లు బాగుచేసే వాళ్లు పాతదాని రెక్కలనే మలిచి పిచ్ దించి ఇచ్చారు. ఒకటి రెండు అంగుళాల దాకా ఇలా నెట్టుకురావచ్చు, అంతకు మించితే వేరేది చూసుకోవాలి.